విశాఖరేవు - వెనుకటి నేల, ఎదుటి తీరము

(ఉతైలో జరిగిన ఉద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



జపాను దేశమందలి ఒక ఓడరేవును గూర్చి, దాని చరిత్రమును భూగోళమును గూర్చి ప్రసంగింపుడని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను ఎంచుకొనిన పట్టణము కిటాక్యూషూ. దానిని గూర్చి తప్పక చెప్పెదను. కాని జపానుకు పోవుటకు ముందు ఓడ నెక్కవలెను గదా! మనకు దగ్గఱగా ఓడ నెక్కదగిన తావు విశాఖపట్టణము. ఈ రెండు రేవుల కథయు విడదీయరాని ఒక్క కథ యని నా అభిప్రాయము. దానిలో మూడవ పాత్ర మన మిప్పుడు కూర్చున్న ఈ ఛత్తీస్‌గఢ నేల. కావున ముందుగా విశాఖనుండి బయలుదేరుదము.

దుర్గునుండి విశాఖకు పోవు రైలుబండి నెక్కనివారు మనలో ఉండరు. రాయపూరు దాటగానే ఆ బండి ప్రధానమార్గమును విడిచి దక్షిణముగా తిరుగును. మహాసముంద్, కాంటాబాంజీ, టిట్లాగఢ్, రాయగడ దాటి, పార్వతీపురమునొద్ద తెలుగునేల త్రొక్కును. అడవులు, కొండలు, చిన్నచిన్న స్టేషనులు తప్ప పెద్ద నగరమొక్కటియు లేని దారి. సంక్రాంతికి ఇంటికి పోవు మనబోంట్లు ఆ దారిని మన కొఱకే వేసిరని తలంతుము. నిజమునకు అది మాంగనీసు కొఱకు వేసిన దారి. బాలాఘాటు, భండారా, నాగపురము ప్రాంతముల గనులలో త్రవ్విన ఆ నల్లని రాయి ఉక్కు తయారీకి అవసరము. ఇంగ్లండునందును, తక్కిన ఐరోపా దేశములందును దానికి గిరాకి యుండెను. కాని గనులనుండి సముద్రమునకు చేర్చుటయే భారము. రాయపూరునుండి కలకత్తాకు రైలుదారి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడును. బొంబాయి వేయి దాటును. విశాఖపట్టణ మన్ననో, ఐదువందల పైచిలుకు మాత్రమే. పటము ముందు పెట్టుకొని కొలబద్దతో కొలిచిన ఎవరికైనను తట్టు ఆలోచన ఇది. 19వ శతాబ్దమునందే ఆంగ్లేయులకు ఇది తట్టినది. మధ్యపరగణాలకు సముద్రద్వారముగా విశాఖయందు రేవు కట్టవలెనని నాడే ప్రతిపాదనలు సాగినవి. మధ్యపరగణా లనగా నేటి మన దుర్గు, రాయపూరు జిల్లాలు కూడ అందులోనివే యని మరువరాదు.

మఱి తూర్పుతీరమున ఇన్ని ఊళ్ళుండగా విశాఖయే ఏల? దీనికి సమాధానము భూగోళము చెప్పవలెను. గోదావరి ముఖమునుండి హుగ్లీ వఱకు మన తీరమంతయు ఇంచుమించు తిన్నని ఇసుకగట్టు. ఓడ నిలుచుటకు చాటు లేదు. కోరంగి ఒకనాటి గొప్ప రేవు. నదిమేటలచేతను, తుపానులచేతను పూడి చెడినది. భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగునవి బయలు రేవులు. ఓడలు దూరముగా లంగరు వేసికొని నిలువగా, మసూలా పడవలమీద సరకును అలలు దాటించుచుండిరి. ఆ పడవల పలకలకు మేకులు లేవు, కొబ్బరినారతో కుట్టినవి. గట్టి పడవ అల తాకిడికి పగులును. కుట్టుపడవ లొంగి నిలుచును. మన పల్లెకారుల ఈ నేర్పును చూచి విదేశీయులు మిక్కిలి ఆశ్చర్యపడిరి. విశాఖయు మొదట ఇట్టి బయలు రేవే. ఈస్టిండియా కంపెనీవారు 1682లో అచట వర్తకస్థానము నెలకొల్పిరి. 1804లో ఆ రేవు ముందరనే ఫ్రెంచి నౌకాధిపతి లినువా దళమునకును, ఆంగ్లేయుల సెంచూరియన్ అను యుద్ధనౌకకును పోరు జరిగినది.

కాని విశాఖకు తక్కిన ఊళ్ళకు లేని భాగ్యము ఒకటి కలదు. తూర్పుకనుమలు అచట సముద్రములోనికి ముక్కు చాచినవి. మనవారు యారాడ కొండ యందురు. ఇంగ్లీషువారు దాని కొసకు డాల్ఫిను ముక్కు అని పేరు పెట్టిరి. ఆ కొండకు ఉత్తరముగా ఉప్పుటేరు సముద్రమున కలియును. ఏటి వెనుక, కొండల నడుమ, విశాలమైన బురదనేల. పోటునందు నీరు నిండును, పాటునందు బురద తేలును. దోమలకు తప్ప ఎవరికిని అక్కఱకు రాని ఆ పఱ్ఱయే నేటి లోపలి రేవు. ఏటి ముఖమునకు ఎదురుగా మూడు చిన్న కొండలు వరుసగా నున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి కోవెల, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. ఓడ లోనికి వచ్చునపుడు మూటి దర్శనము నొక్కమారే చేసికొని వచ్చును. ఇట్టి ప్రవేశద్వారము గల రేవులు అరుదు.

ప్రథమ ప్రపంచయుద్ధానంతరము బ్రిటిషు నౌకాశాఖకు చెందిన కర్నలు కార్ట్‌రైట్ రీడ్ చేసిన ప్రతిపాదనను ప్రభుత్వము అంగీకరించెను. నిర్మాణభారమును బెంగాలు నాగపూరు రైల్వేవారు వహించిరి. రేవును రైల్వేవారు కట్టుట యేమని మీ రడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానమే నా ప్రసంగమునకు మూలము: ఓడరేవు ప్రాణము సముద్రమునందు కంటె దాని వెనుకటి నేలయందే ఎక్కువగా నుండును. సరకును తెచ్చువాడు రేవును కట్టును. 1927నుండి 1933వఱకు పని జరిగెను. త్రవ్వోడలు బురదను తోడి, ఆ బురదతోనే పల్లపునేలను మెరక చేసినవి. ఒక చేతితో నీరు, ఒక చేతితో నేల సృష్టించిరన్నమాట. ఈలోగా పార్వతీపురము - రాయపూరు రైలుమార్గము 1931లో పూర్తియాయెను. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి జలదుర్గ అను ఓడ మొట్టమొదట రేవున ప్రవేశించెను. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రభువు ప్రారంభోత్సవము చేసెను. వ్యయము 378 లక్షల రూపాయలు.

ఇచట ఇసుక సంగతి చెప్పక తప్పదు. నైరృతి ఋతువున అలలు దక్షిణమునుండి ఏటవాలుగా తీరమును తాకును. ఆ తాకిడికి ఇసుక తీరము వెంబడి ఉత్తరముగా నడచును. ఈశాన్య ఋతువున కొంత వెనుకకు మరలును గాని వచ్చినంత పోదు. ఈ నడచు ఇసుకకు అడ్డముగా కాలువ త్రవ్వినచో ఏమగును? కాలువ పూడును. దీనిని నివారించుటకు కాలువకు దక్షిణమున రెండు పాత ఓడలను సముద్రములో ముంచి, వానిని ఆధారముగా చేసికొని అడ్డుగట్టు ఏర్పఱచిరి. దాని చాటున ఇసుక చిక్కును. చిక్కిన దానిని ఏటేట తోడివేయుదురు. కాని ఉత్తరమున నున్న తీరమునకు రావలసిన ఇసుక రాకపోవుటచేత అచటి గట్టు కోసికొనిపోవును. కావున తోడిన ఇసుకను గొట్టములద్వారా రామకృష్ణా సముద్రతీరమున పోయుచుందురు. సాయంకాలము ఆ ఇసుకమీద కూర్చుండి వేరుసెనగకాయలు తినువారిలో ఆ ఇసుక ఎచటినుండి వచ్చినదో తలచువా రెందఱు?

రేవు తెఱచి పదేండ్లయిన కాలేదు, జపాను విశాఖకు వచ్చినది. సరకుతో కాదు, బాంబులతో. 1942 ఏప్రిలు 6న జపాను విమానవాహకనౌకనుండి లేచిన విమానములు విశాఖమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. జనులు బండ్లు కట్టుకొని పల్లెలకు పరుగిడిరి. నాడు ప్రేలని బాంబు ఒకటి విశాఖ ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును. వాల్చంద్ హీరాచంద్‌గారి సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసి అప్పటికి ఏడాది కాలేదు. యుద్ధము గడచి స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1948 మార్చి 14న, జల ఉష అను ఓడను నెహ్రూగారు అచట నీటిలోనికి వదలిరి.

ఇక ఎదుటి తీరమునకు పోవుదము. జపాను దేశమునకు నాలుగు పెద్ద దీవులు. నడిమి పెద్దదీవి హోన్‌షూ. దానికి నైరృతిగా క్యూషూ. ఈ రెంటి నడుమ కన్మోన్ అను జలసంధి కలదు. మిక్కిలి యిఱుకైన తావున ఒక కిలోమీటరైన లేదు. ఆ యిఱుకు నీటిలోనే 1185లో దాన్-నో-ఉరా యుద్ధము జరిగి ఒక రాజవంశము మునిగినది. జలసంధికి దక్షిణపు టొడ్డున మోజి, కోకుర, తోబాతా, యవాతా, వకమాత్సు అని అయిదు పట్టణములు. 1963లో ఈ అయిదింటిని కలిపి కిటాక్యూషూ అని పేరిడిరి. 'ఉత్తర క్యూషూ' అని దాని యర్థము. తోబాతా, వకమాత్సుల నడుమ సముద్రము సన్నగా లోనికి చొచ్చుకొని పోయినది. అది దోకాయి అఖాతము. లోతు తక్కువ, ఇరుప్రక్కల బురద. విశాఖ ఉప్పుటేటిని చూచినవారికి దీనిని వర్ణింపనక్కఱలేదు.

దీనికిని ప్రాణము వెనుకటి నేలయే. అఖాతమునకు వెనుక చికుహో అను బొగ్గుగనుల ప్రాంతము కలదు. మొదట ఓంగా నదిలో అడుగు చదునైన పడవలమీద బొగ్గు దిగివచ్చెడిది. 1891లో వకమాత్సునకు రైలు వచ్చినది. అది బొగ్గు కొఱకు వేసిన రైలు. మోజి రేవును 1889లోనే విదేశపు టెగుమతులకు తెఱచిరి. పిమ్మట చైనాతో యుద్ధము జరిగి, 1895లో మోజికి ఎదురుగా నున్న షిమొనొసెకీ పట్టణములో సంధి కుదిరెను. ఓడిన చైనా ఇచ్చిన పరిహారధనములో కొంత వెచ్చించి జపాను ప్రభుత్వము దోకాయి యొడ్డున యవాతా ఉక్కు కర్మాగారమును కట్టినది. యంత్రములును, నేర్పును జర్మనులవి. 1901లో కొలిమి వెలిగెను. బొగ్గు దగ్గఱనే యున్నది. ఇనుపఖనిజము మాత్రము లేదు. దానిని చైనాలోని దాయే గనులనుండి ఓడలపై తెప్పించిరి. ఓడిన దేశము ధనముతో కొలిమి, ఆ దేశపు రాతితోనే ఇనుము! చరిత్రలో ఇట్టి నిష్ఠురమైన లెక్కలు కొన్ని కనబడుచుండును.

యుద్ధకాలమున యవాతాకు కూడ బాంబులు తప్పలేదు. ఇందు మనకు సంబంధించిన విశేష మొకటి కలదు. 1944 జూనులో యవాతామీద దాడి చేసిన అమెరికా బి-29 విమానముల స్థావరము మన ఖరగపూరు ప్రాంతము. ఖరగపూరు విశాఖరేవును కట్టిన ఆ బెంగాలు నాగపూరు రైల్వేవారి ఊరే. విమానములు అచటినుండి హిమాలయములు దాటి, చైనాలోని చెంగ్డూ ప్రాంతమున దిగి, మరల లేచి యవాతాను చేరినవి. 1945 ఆగస్టు 9న రెండవ అణుబాంబునకు మొదట నిర్ణయించిన లక్ష్యము కోకుర. ఆకాశము స్పష్టముగా లేక, గుఱి కనబడక, విమానము నాగసాకికి మరలినది. కోకుర బ్రదికినది, నాగసాకి మాడినది. దీనిని అదృష్టమనుటకు నోరు రాదు.

యుద్ధానంతరము జపాను చైనా ఖనిజమును కోల్పోయినది. మలయా, గోవా మొదలగు చోట్ల వెదకి, చివరకు బస్తరుకు వచ్చినది. దంతెవాడకు పడమట నున్న బైలాడీలా పర్వతశ్రేణికి 'ఎద్దు మూపురము' అని యర్థము. ఆ మూపురమంతయు మేలైన ఇనుపఖనిజమే. ఏటా 40 లక్షల టన్నులు ఇచ్చుటకు జపాను ఉక్కు కర్మాగారముల సంఘమునకును, మన ప్రభుత్వమునకును 1960 మార్చిలో ఒడంబడిక జరిగెను. ఖనిజమును సముద్రమునకు దించుటకు కొత్తవలసనుండి కిరండూలునకు రైలుమార్గము వేసిరి. ఆ మార్గమును చూడనివారు ఒకమారు చూడవలెనని నా మనవి. పొడవు సుమారు 445 కిలోమీటర్లు, సొరంగములు 58. శృంగవరపుకోట దాటి, బొఱ్ఱా మీదుగా, సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్న సిమిలిగూడను ఎక్కి, అరకు, కోరాపుట్, జయపురము, జగదల్‌పూరుల మీదుగా కిరండూలు చేరును. మామూలు రైలు ఇంజనుకు బండిని లాగుట పని. ఇచట కనుమ దిగు నిండుబండిని ఆపుట అంతకంటె పెద్ద పని. 1966-67 నాటికి దారి నడచినది. 1968లో బైలాడీలా మొదటి యంత్రపు గని పనిచేయసాగినది. లోపలి రేవు పెద్ద ఓడలకు చాలనందున, సముద్రములోనికే అడ్డుగట్లు కట్టి వెలుపలి రేవును నిర్మించిరి. 1976లో అది తెఱచుటతో లక్ష టన్నుల ఓడలు వచ్చి నిలుచుటకు వీలాయెను.

నాడు మాంగనీసు ఇంగ్లండునకు పోయినట్లే, ఇపుడు ఇనుపరాయి జపానునకు పోయినది. రాయి పోవుటకును, ఉక్కు పోవుటకును భేద మెంతయో భిలాయివారికి చెప్పనక్కఱలేదు. కొండదారి పనులు ముగియుచున్న ఆ 1966లోనే విశాఖలో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అను కేక లేచినది. నవంబరు 1న విశాఖలో తుపాకులు ప్రేలినవి. రాష్ట్రమంతట ఆ ఉద్యమములో 32 మంది ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిలులో ఇందిరాగాంధీగారు కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరిలో శంకుస్థాపన. జాతికి అంకితము 1992 ఆగస్టులో. సముద్రతీరమున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారము అది. ఇన్నియు జరిగి, దానికి సొంత ఇనుపగని మాత్రము ఈయలేదు. బైలాడీలా రాయినే ధర పెట్టి కొనుక్కొనుచు వచ్చినది. భిలాయికి మొదటి కొలిమి వెలుగుటకు ముందే దల్లీ-రాజహరా కొండ నిచ్చిరి. ఒకే ప్రభుత్వము కన్న ఇద్దఱు బిడ్డలలో ఒకనికి పొలమిచ్చి, ఒకనికి వట్టి నాగలి ఇచ్చినట్లున్నది. ఇది పక్షపాతమని నేననను గాని, విశాఖ కర్మాగారపు కష్టములను విమర్శించువారు ఈ లెక్కనుకూడ వ్రాసికొనవలెను.

వెనుకటి నేల ఏమి పొందినదని కూడ అడుగవలసియున్నది. బైలాడీలా క్రింద శంఖిని నది ఏండ్లతరబడి ఎఱ్ఱగా పాఱినది. ఆ నీరు త్రాగిన గోండు పల్లెల వారికి జపాను ఎచటనున్నదో తెలియదు. క్రింద విశాఖ పాతపట్టణమున ఆరవేసిన బట్టలమీద ఖనిజధూళి, బొగ్గుధూళి వ్రాలును. యవాతాలోను ఇదే జరిగినది. దోకాయి అఖాతమున 1960ల నాటికి చేప మాట అటుంచి, సూక్ష్మజీవి సయితము బ్రదుకదని చెప్పుకొనిరి. తోబాతా ఇల్లాండ్రు ఊరకుండలేదు. బట్టలమీద పడు మసిని తామే పరీక్షించి, లెక్క వ్రాసి, మా నీలాకాశము మాకు కావలెనని 1965లో చలనచిత్రము తీసి చూపిరి. వారి భర్తలు ఆ కర్మాగారములలోనే కూలి చేయువారని గుర్తుంచుకొనుడు. పిమ్మట అఖాతపు టడుగున పేరుకొనిన విషపు బురదను తోడివేసిరి. చేపలు మరల వచ్చినవి. 1990లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము ఆ నగరమును గౌరవించెను.

జపాను కంపెనీల సంగతి ఇంతటితో ముగియలేదు. 1970లో యవాతా, ఫుజి కంపెనీలు కలిసి నిప్పన్ స్టీల్ ఆయెను. కిరండూలునుండి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టపుమార్గము కలదు. ఖనిజపు పొడిని నీటితో కలిపి కొండలనుండి దానిలో పాఱింతురు. దానిని వేసిన ఎస్సార్ కంపెనీని 2019లో ఆర్సెలర్ మిత్తల్, నిప్పన్ స్టీల్ కంపెనీలు కలిసి కొనినవి. అరువది యేండ్ల క్రిందట ఖనిజము కొనుటకు వచ్చినవారి వారసులకే నేడు గొట్టములో భాగము. మఱియొక వంక, జగదల్‌పూరు ప్రక్కన నగర్‌నార్‌లో కట్టిన ఉక్కు కర్మాగారమున 2023లో కొలిమి వెలిగెను. బైలాడీలా రాయిలో కొంత బస్తరులోనే కరగుచున్నది.

చివరకు మన భిలాయికి వత్తును. కోకునకు తగిన బొగ్గు మన దేశమున చాలదు. ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి వచ్చు బొగ్గులో మన కర్మాగారమునకు చేరునది ఎక్కువగా విశాఖ, గంగవరము రేవులలో దిగి, అదే పార్వతీపురము, రాయగడ దారిని పైకెక్కి వచ్చును. ఇక్కడి ఉక్కులో విదేశమునకు పోవునది ఆ దారినే దిగును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి మన పెద్దలు పనికి వచ్చినదియు ఆ దారినే. మనలో భద్రతాదళమునకు చెందినవారు ఒక బదిలీలో ఆ రేవు ద్వారమున, మఱియొక బదిలీలో ఈ శిక్షణకేంద్రమున నిలుచుచున్నారు. ఇది పరదేశము, అది స్వదేశము అని మనము మాటవరుసకు అనుకొందుము. రేవు కట్టినవారి కాగితములలో మాత్రము ఈ రెండును ఒకే పటమున నున్నవి.

కొండలను తొలిచి రాయపూరునుండి విశాఖకు ఆరు వరుసల రహదారి నిర్మాణమును ఇటీవల చేపట్టిరి. దానివలన బస్తరు, కోరాపుట్, పార్వతీపురము మన్యములలో ఎవరెవరి పొలములు పోయినవి, ఎవరెవరికి పని దొరకినది అను విషయమును మనలో ఆ ప్రాంతములు తిరిగినవారు చెప్పగలరు. వారి మాట వినుటకు సభయందు సమయమున్నదని అధ్యక్షులవారు సెలవిచ్చియున్నారు గనుక, నేనిక కూర్చుందును.